గాలిలో కలిసే గొంతుకు జేబులో చోటు

ఆదిలాబాద్ ఆకాశవాణి కేంద్రం 1986లో మొదలైంది. ఎఫ్ఎంలో 100.2 మెగాహెర్ట్జ్ దగ్గర వినిపించే ఈ స్థానిక కేంద్రం తెలుగుతో పాటు గోండి వంటి గిరిజన భాషలకూ మైకు అందించింది. ఇంటింటా టీవీ లేని రోజుల్లో, సెల్‌ఫోన్ అంటే ఏమిటో తెలియని రోజుల్లో, చుట్టుపక్కల ఊళ్లకూ గూడేలకూ తమ ముచ్చటను తమ మాటలోనే వినిపించింది.

పత్రికలో అచ్చయిన మాట ఎప్పటికైనా ఏదో ఒక గ్రంథాలయంలో దొరుకుతుంది. రేడియోలో పలికిన మాటకు ఆ భరోసా లేదు. పలికినప్పుడే చెవిన పడాలి, లేదంటే ఎవరో ఒకరు పట్టి ఉంచాలి. టేపు ఖరీదుగా ఉన్న కాలంలో, ప్రసారం ముగిశాక దాన్ని చెరిపి మళ్లీ వాడుకోవడం ప్రపంచంలోని చాలా ప్రసార సంస్థల్లో జరిగింది. ఏ కేంద్రమైనా కొన్ని ముఖ్యమైన కార్యక్రమాలను దాచగలదు. పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా వెళ్లే ప్రతి మాటనూ దాచడం దాని శక్తికి మించిన పని. మిగిలినవాటిని కాపాడగలిగేది వినేవాళ్లే.

అందుకు స్టూడియో అక్కర్లేదు. ఎఫ్ఎం, రికార్డింగ్ రెండూ ఉన్న చిన్న ఎంపీత్రీ ప్లేయర్ చాలు. ఆ పరికరం లోపల ఏం జరుగుతుందో, దానితో మంచి రికార్డింగ్ ఎలా చేయాలో, చేసినదాన్ని ఎలా నిలబెట్టుకోవాలో తెలుసుకోవడం మన ఉత్తర తెలంగాణకు ఎంతో అవసరం.

టూ ఇన్ వన్ నుంచి ఎంపీత్రీ దాకా

ఫిలిప్స్ సంస్థ 1963లో కాంపాక్ట్ క్యాసెట్‌ను బయటికి తెచ్చింది. ఆ తర్వాత రేడియో, టేప్ రికార్డర్ ఒకే పెట్టెలోకి చేరాయి. జనం దాన్ని టూ ఇన్ వన్ అన్నారు. కరీంనగర్ పల్లెల నుంచి దుబాయి, మస్కట్‌లకు పనికి పోయినవాళ్లు సెలవు మీద ఇంటికి వచ్చేటప్పుడు తెచ్చిన వస్తువుల్లో దానిది ప్రత్యేక స్థానం. ప్లే, రికార్డ్ మీటలు రెండూ కలిపి నొక్కితే రేడియోలో వచ్చే పాట నేరుగా క్యాసెట్ మీదికి ఎక్కేది. అయితే 60 నిమిషాల క్యాసెట్‌లో ఒక్కో పక్కకు 30 నిమిషాలే. సమయానికి తిప్పకపోతే మిగతా కార్యక్రమం పోయినట్టే.

1998లో కొరియా సంస్థ సేహాన్ 'ఎంపీమ్యాన్' అనే ప్లేయర్‌ను అమ్మకానికి పెట్టింది. అదే ఏడాది అమెరికాలో డైమండ్ సంస్థ 'రియో పీఎంపీ300' తెచ్చింది. రెండింటిలోనూ ఉన్న మెమరీ 32 మెగాబైట్లు. పట్టుమని పది పాటలు పట్టడమే గగనం. అయినా రికార్డు కంపెనీల సంఘం రియో మీద కోర్టుకెక్కింది. 1999లో అప్పీలు కోర్టు ఆ అమ్మకాన్ని ఆపడానికి నిరాకరించింది. దారి తెరుచుకోవడంతో ఐరివర్, క్రియేటివ్, కవాన్, శాన్‌డిస్క్ వంటి సంస్థలు తమ ప్లేయర్లలో ఎఫ్ఎం రేడియోను, దాన్ని రికార్డు చేసే మీటను చేర్చాయి. శాన్‌డిస్క్ వారి 'సాన్సా క్లిప్' అలాంటిదే. పేరుమోసిన ఐపాడ్ 2001లో వచ్చినా, ఐపాడ్ నానోలోకి ఎఫ్ఎం వచ్చింది 2009లోనే. అందులోనూ ప్రసారాన్ని 15 నిమిషాల దాకా ఆపి వెనక నుంచి వినవచ్చు తప్ప ఫైలుగా దాచుకోలేం. రికార్డు చేసే సౌకర్యాన్ని సామాన్యుడి చేతికి తెచ్చినవి ఎక్కువగా పేరులేని చవక చైనా ప్లేయర్లే. ఇప్పుడు చిన్న బ్లూటూత్ స్పీకర్లలో, ఎఫ్ఎం ఉన్న కొన్ని స్మార్ట్‌ఫోన్లలో కూడా అదే పని చేసే మీట కనిపిస్తోంది.

అలలో దాగిన మాట

100.2 మెగాహెర్ట్జ్ అంటే రేడియో అల సెకనుకు 10 కోట్ల 2 లక్షల సార్లు ఊగుతుందని అర్థం. స్టూడియోలో పలికిన మాట ఈ ఊపు వేగాన్ని కొద్దిగా అటూ ఇటూ మారుస్తుంది. గొంతు ఎంత పెద్దదైతే మార్పు అంత ఎక్కువ. గరిష్ఠంగా 75 కిలోహెర్ట్జ్ పైకి, అంతే కిందికి. అల ఎత్తు మాత్రం మారదు. ఎఫ్ఎం పద్ధతి గొప్పతనమంతా ఇందులోనే ఉంది. మెరుపులు, మోటార్లు, స్విచ్చులు పుట్టించే రొద ప్రధానంగా అల ఎత్తునే చెడగొడుతుంది. ఎఫ్ఎం రిసీవర్ ఎత్తును లెక్కలోకి తీసుకోదు, వేగంలో వచ్చిన మార్పునే చదువుతుంది. అందుకే గొంతు తేటగా వినిపిస్తుంది. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1933లో పేటెంట్ పొందిన ఈ పద్ధతిలో మన దేశంలో తొలి ప్రసారం 1977లో మద్రాసు నుంచి జరిగింది.

హైదరాబాద్ ఆకాశవాణి 'ఏ' కేంద్రం సంగతి వేరు. 738 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్ మీద వచ్చే ఆ ప్రసారంలో మాటను మోసేది అల ఎత్తే. అందుకే ఉరుము ఉరిమితే రేడియోలో చిటపటలు వస్తాయి. కానీ ఆ అల పొడవు 400 మీటర్లకు పైనే. అంత పొడవైన అల నేలను అంటిపెట్టుకుని గుట్టలు దాటి చాలా దూరం వెళ్లగలదు. తరాల తరబడి ఉత్తర తెలంగాణ పల్లెలు హైదరాబాద్ వార్తలు విన్నది ఆ గుణం వల్లే.

జేబు ప్లేయర్లలో సాధారణంగా ఎఫ్ఎం ఒక్కటే ఉంటుంది. మీడియం వేవ్ పట్టాలంటే లోపల ఫెర్రైట్ కడ్డీ మీద చుట్టిన తీగచుట్ట కావాలి. అంత చోటు అందులో ఉండదు. పైగా ప్లేయర్‌లోని చిప్పులు, తెర పుట్టించే విద్యుత్ రొద సరిగ్గా మీడియం వేవ్ పరిధిలోనే పడుతుంది. 738ను రికార్డు చేయాలనుకునేవాళ్లు మామూలు ట్రాన్సిస్టర్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి తీగ లాగి, లైన్-ఇన్ ఉన్న ప్లేయర్‌కో రికార్డర్‌కో కలపాలి. రేడియో శబ్దం మధ్యస్థంగా ఉంచుకోవాలి. పెంచితే రికార్డింగ్ పగిలిపోతుంది.

గుట్టలు అడ్డొస్తే

ఎఫ్ఎం అల పొడవు దాదాపు 3 మీటర్లు. ఇది చూపులాగే నేరుగా సాగుతుంది, భూమి వంపు దగ్గర ఆగిపోతుంది. ఎంత దూరం వెళ్తుందో ఎవరైనా లెక్కగట్టవచ్చు. ప్రసార స్తంభం ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణించాలి. వినేవాళ్ల ఏరియల్ ఎత్తుకూ అదే లెక్క చేసి రెండూ కలిపితే దూరం కిలోమీటర్లలో వస్తుంది. స్తంభం 100 మీటర్లు అనుకుంటే 41 కిలోమీటర్లు. వినే మనిషి 10 మీటర్ల ఎత్తున్న మేడ మీద ఉంటే మరో 13. మొత్తం 54.

ఇప్పుడు పటం చూద్దాం. కరీంనగర్ నుంచి వరంగల్ నేరు దూరం సుమారు 70 కిలోమీటర్లు, ఆదిలాబాద్ సుమారు 150. 103.5 మీద వచ్చే వరంగల్ కేంద్రం కరీంనగర్‌లో మేడ మీద అందీ అందనట్టు ఎందుకుంటుందో, 100.2 మామూలు రోజుల్లో అసలెందుకు అందదో ఈ లెక్కే చెబుతుంది. ఆదిలాబాద్ వైపు మరో చిక్కు ఉంది. ఉట్నూరు, కెరమెరి వైపు గుట్టలు, లోయలు ఎక్కువ. కేంద్రం దగ్గరే ఉన్నా, గుట్ట చాటున ఉన్న గూడేనికి అల అందదు. అదే గూడెం పక్కనున్న ఎత్తు మీదికి ఎక్కితే ప్రసారం శుభ్రంగా వినిపిస్తుంది. రికార్డింగ్ చేయదలచుకున్నవాళ్లు ముందుగా ఊళ్లో ఎక్కడ బాగా అందుతుందో తిరిగి చూసుకోవాలి. ప్లేయర్‌ను కొనడం కన్నా ఇదే ముఖ్యం.

చలికాలంలో ఒక విచిత్రం జరుగుతుంది. రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే ప్రాంతాల్లో ఉమ్మడి ఆదిలాబాద్ ఒకటి. గాలి నిలిచిపోయిన చలి రాత్రుల్లో నేలను ఆనుకున్న గాలి బాగా చల్లబడుతుంది, పైపొర వెచ్చగా ఉంటుంది. ఈ తలకిందుల అమరిక ఎఫ్ఎం అలలను కిందికి వంచి, భూమి వంపు దాటించి దూరానికి మోసుకెళ్తుంది. తెల్లవారుజామున ఎన్నడూ అందని కేంద్రం ఒక్కసారిగా పలకడం, ఎండ ఎక్కగానే మాయమవడం ఇందువల్లే. ఒకే పౌనఃపున్యం మీద రెండు కేంద్రాలు అందితే ఎఫ్ఎం రిసీవర్ బలమైనదాన్నే పట్టుకుని రెండోదాన్ని అణచేస్తుంది. బలాబలాలు మారినప్పుడు కార్యక్రమం మధ్యలో గొంతే మారిపోతుంది. డిసెంబరు, జనవరి ఉదయాల్లో రికార్డు చేసేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఇయర్‌ఫోన్ తీగే ఏరియల్

ఎంపీత్రీ ప్లేయర్‌కు పైకి లాగే కడ్డీ ఉండదు. చెవికి పెట్టుకునే ఇయర్‌ఫోన్ తీగే దాని ఏరియల్. అల పొడవులో నాలుగో వంతు, అంటే సుమారు 75 సెంటీమీటర్లు ఉన్న తీగ ఎఫ్ఎం‌ను బాగా పడుతుంది. ఇయర్‌ఫోన్ తీగ దాదాపు మీటరు ఉంటుంది కాబట్టి సరిపోతుంది. తీగ తీసేస్తే రేడియో మూగబోతుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ ఈ పనికి రాదు. రికార్డు చేసేటప్పుడు వినకపోయినా సరే, తీగను చుట్టచుట్టకుండా నిలువుగా వేలాడదీయాలి.

తీగ పట్టిన సంకేతం ఎంతో బలహీనంగా ఉంటుంది. లోపలి చిప్పు మొదట దాన్ని పెంచుతుంది. తర్వాత తాను సొంతంగా పుట్టించిన మరో ఊపుతో కలుపుతుంది. రెండింటి తేడా వల్ల పది కోట్ల స్థాయిలో ఉన్న పౌనఃపున్యం లక్షల స్థాయికి దిగుతుంది. అప్పుడు దాన్ని అంకెలుగా మార్చి, మాటను వేరుచేయడం సులువు. 2005లో సిలికాన్ ల్యాబ్స్ సంస్థ తెచ్చిన ఎస్ఐ4700 చిప్పు ఈ పనంతా గోరంత చోటులో చేసి చూపింది. కేంద్రాన్ని తప్పకుండా పట్టడానికి అది ఆధారం చేసుకునేది సెకనుకు 32,768 సార్లు కంపించే స్ఫటికాన్ని. చేతి గడియారాల్లో ఉండేది కూడా అదే. ఆ తర్వాత చైనాలో తయారైన చిప్పులు ధరను ఇంకా దించాయి. పాత రేడియోలో ముల్లు తిప్పుతూ కేంద్రాన్ని వెతుక్కునే పని పోయింది.

చిన్న సెట్టింగ్, పెద్ద తేడా

దిగుమతి అయిన ప్లేయర్‌తో ఆదిలాబాద్ కేంద్రం పట్టుబడటం లేదంటే చాలాసార్లు కారణం సెట్టింగుల్లో ఉంటుంది. అమెరికాలో ఎఫ్ఎం కేంద్రాలను 88.1, 88.3, 88.5 అంటూ 0.2 మెగాహెర్ట్జ్ దూరంలో, చివర బేసి అంకె వచ్చేలా కేటాయిస్తారు. ప్లేయర్‌లో ప్రాంతం అమెరికా అని ఉంటే అది ఆ అంకెల దగ్గరే ఆగుతుంది. 103.5 మీది వరంగల్, 101.9 మీది హైదరాబాద్ రెయిన్‌బో ఆ వరుసలో పడతాయి. 100.2 మీది ఆదిలాబాద్, 102.8 మీది హైదరాబాద్ వివిధభారతి పడవు. జపాన్ అని ఉంటే ఇంకా ఇబ్బంది; అక్కడి ఎఫ్ఎం 76 మెగాహెర్ట్జ్ నుంచి మొదలై ఈ కేంద్రాలన్నింటికీ కిందే ముగుస్తుంది. యూరప్ అనో, ఆసియా అనో ఎంచుకుంటే 0.1 మెగాహెర్ట్జ్ అడుగులతో అన్నీ అందుతాయి.

ఈ మార్పుతో శబ్దం కూడా బాగుపడుతుంది. ప్రసారంలో సన్నని స్వరాలను కావాలనే పెంచి పంపుతారు, రిసీవర్ వాటిని తిరిగి తగ్గించుకుంటుంది. రొదను అణచడానికి ఇదో ఉపాయం. ఎంత తగ్గించాలన్న కొలత మన దేశంలో, యూరప్‌లో 50 మైక్రోసెకన్లు, అమెరికాలో 75. అమెరికా సెట్టింగ్‌లో ఉన్న ప్లేయర్ మన ప్రసారాన్ని అవసరానికి మించి తగ్గించి, గొంతును మొద్దుబారుస్తుంది.

గొంతు అంకెలుగా మారే తీరు

చిప్పు నుంచి వచ్చే శబ్దాన్ని దాచడానికి ముందు దాన్ని అంకెల్లోకి మార్చాలి. చెరువు కట్ట ఎత్తుపల్లాలు తెలుసుకోవడానికి అడుగడుగునా కొలకర్ర నిలిపి ఎత్తు రాసుకున్నట్టు, శబ్దపు అల ఎత్తును సెకనుకు వేలసార్లు కొలిచి రాసుకుంటారు. ఎన్నిసార్లు కొలవాలి? శబ్దంలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కన్నా కాస్త ఎక్కువసార్లు కొలిస్తే చాలు, అసలు అలను పూర్తిగా తిరిగి పొందవచ్చునని గణితం రుజువు చేసింది. క్లాడ్ షానన్ 1949లో రాసిన పత్రం దీనికి ఆధారం. ఎఫ్ఎం ప్రసారంలో శబ్దం 15 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగుతుంది. కాబట్టి సెకనుకు 32,000 కొలతలు సరిపోతాయి. సీడీ స్థాయిలో 44,100 కొలతలు తీసుకున్నా రేడియోలో లేని నాణ్యత కొత్తగా రాదు, ఫైలు మాత్రం పెరుగుతుంది.

ఒక్కో కొలతను 16 బిట్లలో రాసి, రెండు వైపుల శబ్దాన్నీ సీడీ స్థాయిలో దాస్తే గంటకు 635 మెగాబైట్లు అవుతుంది. దీన్ని తగ్గించడానికే ఎంపీత్రీ పుట్టింది. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ బృందం మనిషి చెవి గుణాన్ని ఆసరా చేసుకుంది. గోండుల గుస్సాడి ఆటలో తుడుం వాద్యం గట్టిగా మోగిన క్షణంలో, దానికి దగ్గరి స్వరంలో ఉన్న సన్నని సడి మన చెవికి అందదు. అందని దాన్ని రాయడం దేనికని ఎంపీత్రీ వదిలేస్తుంది. 128 కిలోబిట్ల వేగంతో గంట కార్యక్రమం సుమారు 58 మెగాబైట్లలో ఇముడుతుంది. ఒకే వైపు శబ్దంతో 64 కిలోబిట్లలో దాస్తే 29. అంటే 8 గిగాబైట్ల కార్డులో 270 గంటలకు పైగా పడుతుంది.

ఏ రూపంలో దాచాలి

ఎంపీత్రీగా వినిపించడం తేలిక, ఎంపీత్రీగా మార్చి రాయడం ఎక్కువ లెక్కలతో కూడిన పని. చవక చిప్పులకు ఆ శక్తి ఉండదు. అందుకని చాలా చిన్న ప్లేయర్లు వేరే దారి పట్టాయి. ఒక్కో కొలతను మొత్తంగా రాయకుండా, ముందటి కొలతను బట్టి వేసిన అంచనాకూ దీనికీ ఉన్న తేడాను మాత్రమే 4 బిట్లలో రాస్తాయి. ఫైలు నాలుగో వంతుకు తగ్గుతుంది. పేరు చివర డబ్ల్యూఏవీ అనే ఉన్నా, అన్ని డబ్ల్యూఏవీ ఫైళ్లూ ఒకే నాణ్యతవి కావు.

కొన్ని చైనా ప్లేయర్లు ఏసీటీ అనే సొంత రూపంలో రాసేవి. దాన్ని ఆ ప్లేయరే చదవాలి, లేదా దానితో వచ్చిన సాఫ్ట్‌వేర్ చదవాలి. ప్లేయర్ చెడిపోతే రికార్డింగ్ ఉన్నా లేనట్టే. పైగా అందులో సెకనుకు 8,000 కొలతలే తీసేవి. అంటే 4 కిలోహెర్ట్జ్ పైనున్న శబ్దమంతా పోతుంది. స, శ వంటి అక్షరాల బలం చాలావరకు ఉండేది ఆ పై భాగంలోనే. పాట వినడానికి ఇది లోపం. ఒక భాష ఉచ్చారణను దాచుకోవాలనుకునేవాళ్లకు తీరని నష్టం. పాత ఏసీటీ ఫైళ్లు ఎవరి దగ్గరైనా ఉంటే, చదివే సాఫ్ట్‌వేర్ దొరుకుతున్నప్పుడే వాటిని మామూలు డబ్ల్యూఏవీలోకి మార్చుకోవాలి.

వీలున్నచోట తగ్గింపు లేని డబ్ల్యూఏవీనే ఎంచుకోవడం మేలు. చోటు చాలకపోతే 128 కిలోబిట్ల ఎంపీత్రీ ఫరవాలేదు. ఎంపీత్రీని విప్పి మళ్లీ ఎంపీత్రీగా మార్చకూడదు. మార్చిన ప్రతిసారీ కొంత శబ్దం రాలిపోతుంది. ఎంపీత్రీ పేటెంట్ల లైసెన్సు కార్యక్రమం 2017లో ముగిసింది. ఈ రూపాన్ని ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోవచ్చు కనుక ముందు ముందు కూడా తెరుచుకుంటుందని నమ్మవచ్చు.

మంచి రికార్డింగ్‌కు నాలుగు మాటలు

మొదటిది, మాటల కార్యక్రమమైతే స్టీరియోను ఆపి మోనో పెట్టుకోవాలి. ఎఫ్ఎంలో ఎడమ, కుడి శబ్దాల మొత్తం 15 కిలోహెర్ట్జ్ లోపు వస్తుంది. ఆ రెండింటి తేడా పైన 23 నుంచి 53 కిలోహెర్ట్జ్ మధ్య వస్తుంది. ఎఫ్ఎంలో రొద పైకి పోయేకొద్దీ పెరుగుతుంది. కేంద్రం దూరంగా ఉన్నప్పుడు స్టీరియోలో వినిపించే బుస ఆ పై భాగం తెచ్చిపెట్టిందే. మోనో పెడితే ప్లేయర్ దాన్ని చదవడం మానేస్తుంది, బుస చాలావరకు తగ్గిపోతుంది.

రెండోది, ప్లేయర్‌ను ఎల్ఈడీ బల్బులకు, మొబైల్ చార్జర్లకు, ఇన్వర్టర్‌కు దూరంగా ఉంచాలి. వాటిలో వేగంగా మారే విద్యుత్తు రేడియో రొదను పుట్టిస్తుంది. చార్జింగ్ పెట్టి రికార్డు చేయకపోవడం మంచిది.

మూడోది, బ్యాటరీ నిండుగా ఉండాలి. చాలా ప్లేయర్లు ఫైలు పొడవును రికార్డింగ్ ఆపినప్పుడే తలభాగంలో రాస్తాయి. మధ్యలో బ్యాటరీ అయిపోతే శబ్దం కార్డులో ఉన్నా ఫైలు తెరుచుకోదు. పొడవైన కార్యక్రమాన్ని గంటకొక ఫైలుగా విడగొట్టుకుంటే నష్టం తగ్గుతుంది.

నాలుగోది, గడియారం సరిచూసుకోవాలి. బ్యాటరీ అడుగంటితే చాలా ప్లేయర్లలో తేదీ మొదటికొస్తుంది. తప్పు తేదీ ఉన్న రికార్డింగ్ పరిశోధకుణ్ని తప్పుదారి పట్టిస్తుంది. ఫైలు పేరులోనే సంవత్సరం, నెల, తేదీ, సమయం, కేంద్రం, కార్యక్రమం రాయాలి. ఎవరు పాడారు, ఏ ఊరివారు, ఏ భాష అన్న వివరాలు ప్రకటనలో వినిపిస్తాయి. అందుకే ప్రకటనతో సహా రికార్డు చేయాలి, పాట మొదలయ్యాక మీట నొక్కితే సగం విలువ పోతుంది.

ఏళ్ల తరబడి నిలవాలంటే

ప్లేయర్ లోపలి ఫ్లాష్ మెమరీ తోషిబాలో ఫుజియో మసుయోకా 1980ల్లో కనిపెట్టినది. సన్నని పొరల మధ్య బందీ చేసిన ఎలక్ట్రాన్ల రూపంలో అందులో సమాచారం ఉంటుంది. ఆ ఎలక్ట్రాన్లు ఏళ్ల మీద నెమ్మదిగా జారిపోతాయి, ఎక్కువ వేడి తగిలితే ఇంకా త్వరగా. రామగుండం, మంచిర్యాల ఎండల్లో బీరువాలో పడేసిన కార్డు పదేళ్ల తర్వాత తెరుచుకుంటుందన్న హామీ లేదు. కార్డును రికార్డు చేయడానికి వాడుకోవాలి, నిల్వ చేయడానికి కాదు.

రికార్డింగ్ అయిన వెంటనే కంప్యూటర్‌లోకి ఒక నకలు, విడిగా ఒక హార్డ్ డిస్క్‌లోకి మరో నకలు తీయాలి. మూడోది వేరే ఊళ్లో బంధువు దగ్గరో, బడిలోనో, కాలేజీలోనో ఉంటే అగ్నిప్రమాదం, వరద వంటివి వచ్చినా గొంతు మిగులుతుంది. ఏడాదికోసారి ఫైళ్లు తెరిచి చూసుకోవాలి.

చట్టం ఏమంటుంది

1957 నాటి భారత కాపీరైట్ చట్టం 37వ సెక్షన్ ప్రసార సంస్థకు తన ప్రసారం మీద 25 ఏళ్ల హక్కు ఇచ్చింది. 39వ సెక్షన్ దానికి మినహాయింపు చెప్పింది. సొంతంగా వినడానికి గానీ, నిజమైన బోధన, పరిశోధనల కోసం గానీ చేసుకునే రికార్డింగ్ ఆ హక్కును ఉల్లంఘించినట్టు కాదు. అమెరికాలోనూ 1984లో సుప్రీంకోర్టు, టీవీ కార్యక్రమాన్ని తీరిక వేళ చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేయడం న్యాయమైన వాడకమేనని బీటామ్యాక్స్ కేసులో చెప్పింది. కానీ రికార్డు చేసినదాన్ని అమ్మడం, ఇంటర్నెట్‌లో పెట్టడం వేరే సంగతి. అక్కడ ప్రసార సంస్థ హక్కుతో పాటు పాడినవారి హక్కు, పాట రాసినవారి హక్కు కూడా ఉంటాయి. అనుమతి తప్పనిసరి.

చట్టం చెప్పని మర్యాద కూడా ఒకటుంది. ఆదివాసుల పాటల్లో కొన్ని దేవతల కొలుపు వేళ మాత్రమే పాడేవి. వాటిని దాచడం ఎంత అవసరమో, ఆ సమాజం ఒప్పుకోనిదే బయటపెట్టకపోవడం అంతే అవసరం.

ఎవరి గొంతు నిలవాలి

2011 జనాభా లెక్కల్లో గోండిని మాతృభాషగా చెప్పినవారు దేశమంతటా దాదాపు 30 లక్షలు. ఆదిలాబాద్ అడవుల్లో గోండితో పాటు పలికే కొలామికి దేశం మొత్తం మీద సుమారు 1.28 లక్షల మంది. గుంజాల గ్రామంలో బయటపడిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. లిపి దక్కింది, ఆ భాష పలికే తీరు, గోండుల గాథాగాయకులైన పర్ధానులు కిక్రి వాద్యం వాయిస్తూ వంశగాథలు చెప్పే తీరు శబ్దంగానే దక్కాలి. మార్లవాయికి చెందిన గుస్సాడి కనకరాజు 2021లో పద్మశ్రీ పొంది, 2024 అక్టోబరులో కన్నుమూశారు. వేములవాడ దగ్గరి హన్మాజిపేటకు చెందిన ఒగ్గుకథ కళాకారుడు మిద్దె రాములు 2010లో పోయారు. ఇలాంటి కళాకారుల తర్వాత మిగిలేది ఎవరో ఒకరు పట్టి దాచిన శబ్దమే.

వినేవాళ్లు దాచిన శబ్దానికి ఎంత విలువో బ్రిటన్ అనుభవం చెబుతుంది. 1960ల నాటి 'డాక్టర్ హూ' టీవీ కథల టేపులను బీబీసీ అప్పట్లో చెరిపేసింది. చాలా భాగాల దృశ్యం పోయింది. కానీ ఆనాటి ప్రేక్షకులు ఇళ్లలో టేప్ రికార్డర్లు పెట్టి పట్టుకున్నందువల్ల, పోయిన భాగాలన్నింటి శబ్దమూ నేటికీ ఉంది. మన దగ్గర జహీరాబాద్ ప్రాంతంలోని మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరులో 90.4 మెగాహెర్ట్జ్ మీద ప్రసారం మొదలుపెట్టింది. లైసెన్సు రావడానికి ఏళ్ల ముందు నుంచే ఆ మహిళలు తమ పాటలు, పంటల ముచ్చట్లు టేపుల మీద రికార్డు చేసి సంఘాల్లో వినిపించేవారు. మీట నొక్కడం నేర్చుకోవడానికి చదువు అడ్డు కాదని వాళ్లు రుజువు చేశారు.

ఎఫ్ఎం పని అయిపోలేదు. ఫోన్లలో ఎఫ్ఎం రేడియోను అందుబాటులో ఉంచాలని 2023లో కేంద్ర ఐటీ శాఖ తయారీదారులకు సూచించింది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్ఎం ఛానళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. ఆ జాబితాలో ఆదిలాబాద్, కరీంనగర్, మంచిర్యాల, రామగుండం ఉన్నాయి. ఆకాశవాణి ప్రసారాలు ఇప్పుడు ఫోన్ యాప్‌లోనూ వస్తున్నాయి. అయితే అక్కడ వినిపించేదీ ప్రత్యక్ష ప్రసారమే. ఈ పూట వినకపోతే అది కూడా దాటిపోతుంది.

అందుకే బడుల ఉపాధ్యాయులకు, కాలేజీల తెలుగు శాఖలకు, గూడేల్లో చదువుకున్న యువతకు ఒక విన్నపం. మీ ఊరివాళ్ల మాట, పాట రేడియోలో ఏ రోజు ఏ వేళకు వస్తుందో కనుక్కోండి. పాత ప్లేయర్‌తోనైనా, ఎఫ్ఎం ఉన్న ఫోన్‌తోనైనా దాన్ని రికార్డు చేయండి. పేరు, తేదీ, ఊరు రాసి, మూడు చోట్ల నకలు ఉంచండి. ఇంట్లో పాత క్యాసెట్లు ఉంటే అవి పాడయ్యేలోపే అంకెల్లోకి మార్చండి. రేపటి పరిశోధకుడికి కావలసిన గ్రంథాలయాన్ని ఈ రోజు కట్టగలిగేది వినేవాళ్లే.